బీజకణాలలో చెరిగే వ్రాత

నగరం నుండి వశిష్ఠ దాటి వెళ్లినవారికి భీమవరం ఎంతో దూరం కాదు. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో జన్మించినది అక్కడనే. ఆయన అన్నగారిని సంగ్రహణి బలిగొన్నది. తామును ఆ వ్యాధికి లోనై ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొన్నారు. ఆ వ్యాధికి పనికివచ్చిన ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలవారు ఆయన నాయకత్వాన కృత్రిమంగా తయారు చేసినారు. ఇంతవరకు శ్రోతలు ఎరిగినదే.

1948 ఆగస్టులో సుబ్బారావుగారు కీర్తిశేషులైనారు. అదే సంవత్సరం రాక్‌ఫెల్లర్ సంస్థలో రోలిన్ హాచ్‌కిస్ దూడ గ్రంథి నుండి తీసిన డి.ఎన్.ఏ.లో ఒక అదనపు పదార్థాన్ని గుర్తించినాడు. అది మిథైల్ అనే చిన్న అణుసమూహం తగిలిన సైటొసీన్. ఆ మిథైల్‌ను శరీరానికి సమకూర్చే వాటిలో ఫోలిక్ ఆమ్లం ఒకటి. ఈ రెండింటికి గల సంబంధం అప్పటికి ఎవరికీ తోచలేదు.

ఈ గుర్తులు జన్యువులను మౌనంగా ఉంచగలవని 1975లో వేర్వేరుగా సూచించిన రెండు పరిశోధనలు వెలువడినవి. 1984లో ఎలుకల పిండాలపై ప్రయోగాలు చేసి, తల్లి జన్యువులు రెండు పాళ్లున్నా, తండ్రివి రెండు పాళ్లున్నా పిండం నిలువదని కేంబ్రిడ్జిలో అజీమ్ సురానీ బృందమూ, అమెరికాలో మెక్‌గ్రాత్, సోల్టరులూ నిరూపించినారు. కొన్ని జన్యువులకు తల్లి ముద్ర, తండ్రి ముద్ర వేరువేరుగా ఉండుటయే కారణం.

ఇక్కడొక చిక్కు. కొడుకు తల్లి నుండి పొందిన జన్యువు తల్లి ముద్రతో వచ్చినది. అతడు దానిని తన బిడ్డకిచ్చేనాటికి అది తండ్రి ముద్ర ధరించవలె. కోడలి ఇంటిపేరు మారినట్లు. అందుకు ప్రకృతి ఎంచుకొన్న ఉపాయం విచిత్రమైనది. గర్భంలోని ఎలుకపిల్ల పది పదమూడు రోజుల పిండంగా ఉన్నపుడే, దాని బీజకణాలలోని పాత గుర్తులు దాదాపు అన్నీ తుడుచుకొనిపోవును. మగపిల్లలో క్రొత్త వ్రాత పుట్టుకకు ముందే మొదలగును. ఆడపిల్లలో పుట్టిన తరువాత, అండాలు పెరుగుతున్నపుడు. కొన్ని చోట్ల చెరపని గుర్తులు మిగులుననుట కూడ నిజమే.

2003లో చూలి ఎలుకలకు ఫోలిక్ ఆమ్లం మొదలైనవి ఎక్కువగా పెట్టగా, పిల్లల వెంట్రుకల వన్నె మారినది. అయితే ఇది బీజకణాల సంగతి కాదు, పిండపు శరీరానిది; ఎలుకలలో తేలినదంతయు మనకు వర్తించునని తొందరపడరాదు. మన పల్లెలలో ఆశా కార్యకర్తలు గర్భిణులకు ఇచ్చే మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లమూ ఉన్నది. అది రక్తహీనత కొరకు.