అప్పు పుస్తకంలో మా అమ్మీలు

తెలంగాణలో వడ్డీ మాటెత్తితే రోహిల్లా గుర్తుకొస్తాడు. కర్ర పట్టుకుని గడపలో కూర్చున్న పఠాన్. నిజాం కాలంలో రోహిల్లాలు, అరబ్బులు, మార్వాడీలు వడ్డీలకు తిప్పిన మాట నిజమే. 1349 ఫసలీలో, అంటే 1939-40 నాటికే, హైదరాబాద్ సంస్థానంలో వడ్డీ వ్యాపారుల మీద చట్టం వచ్చింది. కానీ ఆ రోహిల్లా మొహాన్ని మాకందరికీ తగిలించారు. అప్పు తీర్చలేక తలదించుకున్న మా నానీమాల సంగతి ఎవరు రాశారు?

నల్లగొండలో, పాలమూరులో మా అమ్మీలు గాజుల గంపెత్తుకుని ఊళ్లు తిరిగారు. కుట్టుమిషను తొక్కారు. పరుపులు కుట్టారు. సూద్ హరాం అని పిల్లలకు చెబుతూనే సూద్ కట్టారు. వేరే దారేది? 1982లో డ్వాక్రా వచ్చింది. 1992లో నాబార్డు పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపింది. 2004లో పావలా వడ్డీ వచ్చింది. మంచిదే. మరి మా గల్లీకి ఎంత చేరింది? కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను అప్పులకు పనికిరానివిగా గీత గీసి పక్కన పెడుతున్నాయని 2006లో సచార్ కమిటీయే చెప్పింది.

బ్యాంకు రాని గల్లీలోకి సూక్ష్మరుణ సంస్థ వచ్చింది. తాకట్టు అడగలేదు. ఐదుగురు ఆడవాళ్లను ఒకరికొకరు పూచీ పెట్టింది. ఆ డబ్బుతో మిషను కొనుక్కుని నిలదొక్కుకున్నవాళ్లూ ఉన్నారు, కాదనం. కానీ లెక్క చూడండి. పదివేలు తీసుకుని వారానికి 225 చొప్పున 50 వారాలు కడితే వడ్డీ 1,250. తక్కువే అనిపిస్తుంది. అసలు వారం వారం తగ్గిపోతుంటుంది కాబట్టి నిజానికి పడేది ఏడాదికి పాతిక శాతం. గాజుల బేరం పెళ్లిళ్లకు, పండగలకు. వాయిదా మాత్రం ప్రతి వారం. ఒకామె కట్టలేకపోతే మిగతా నలుగురూ ఆమె గడప ముందు. ఇరుగుపొరుగు ఆపాలే అప్పులోళ్లయ్యారు. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు.

వేధింపులు, ఆత్మహత్యల వార్తల మధ్య 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వాయిదా నెలకొకసారే, వసూలు ఇంటి దగ్గర కాదు, పదిమంది ముందు, వడ్డీ అసలును మించకూడదు అంది. గడప మీది మనిషి పోయాడు. సంస్థల అప్పూ దాదాపు ఆగింది. బ్యాంకు మాత్రం ఆ ఖాళీలోకి రాలేదు. పెట్టుబడికి మా వాళ్లు మళ్లీ గిరిగిరి వడ్డీకే చెయ్యి చాచారు.

2022లో రిజర్వు బ్యాంకు వడ్డీ పరిమితి ఎత్తేసింది. తన దగ్గర నమోదైన సంస్థలకు రాష్ట్ర చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. సంస్థలకు దారి మళ్లీ తెరుచుకుంది.

మేం మాఫీ అడగడం లేదు. మా గల్లీ మీద గీసిన గీత చెరపమంటున్నాం. మా పూచీ ఒక్కటే కాదు, మా బేరమూ చూసి వాయిదా పెట్టమంటున్నాం. గాజులమ్మే మనిషి కూడా వ్యాపారస్తురాలేనని రాసుకోమంటున్నాం.