అన్నపు ముద్దకు అంకె కట్టిన కథ

పూర్వం మన ఇండ్లలో బియ్యం కొలవడానికి గిద్ద, సోల, తవ్వ, మానిక అనే కొలపాత్రలు ఉండేవి. ఇంట్లో ఎందరున్నారో, అతిథులు ఎందరు వచ్చినారో చూసుకొని గృహిణి ఎసట్లో బియ్యం పోసేది. ఆ కొలత పొయ్యి దగ్గరనే ముగిసిపోయేది. విస్తరి ముందు కూర్చున్నవారు ఎన్ని ముద్దలు తిన్నారని లెక్కపెట్టడం మర్యాద కాదు. అట్లా లెక్కపెడితే దిష్టి తగులుతుందని పెద్దలు మందలించేవారు.

ఈనాడు ఆ కొలత పొయ్యిని విడిచి విస్తరిలోకి వచ్చినది. ఒళ్లు తగ్గించుకొనదలచిన వారు అన్నాన్ని చిన్న త్రాసులో తూచి, కేలరీల లెక్కను పుస్తకంలోనో సెల్‌ఫోనులోనో వ్రాసుకొంటున్నారు. మొదటి వారం ఉత్సాహంగానే ఉంటుంది. రెండవ వారానికి సందేహాలు మొదలవుతవి. పులిహోరలో పడిన నూనె ఎంత? పప్పులోని పోపు ఎవరి లెక్కలోకి వస్తుంది? పెండ్లివిందులో తిన్నదానికి ఏమని వ్రాసుకోవలెను? క్రమంగా తిండి కంటె తిండిలెక్కయే పెద్ద పని అయి కూర్చుంటుంది. ఒకపూట లెక్క తప్పితే నేరం చేసినట్లు మనస్సు కుంగుతుంది. కొందరు విసిగి పుస్తకాన్ని మూలపడవేస్తారు. కొందరు దానిని విడువలేక, దానితో పడలేక సతమతమవుతారు.

ఇంతగా మనను శాసిస్తున్న ఈ అంకె ఎక్కడ పుట్టినది? ఎవరు, ఏ ప్రయోజనం కోరి దీనిని కల్పించినారు? ఈ చరిత్ర తెలిస్తే బరువు తగ్గుతుందని చెప్పను గాని, మనస్సు మీది బరువు కొంత తగ్గవచ్చును.

తిన్నదానిని త్రాసులో పెట్టి, తనను తాను కూడా తూచుకొన్న తొలి శాస్త్రజ్ఞులలో ప్రసిద్ధుడు సాంతోరియో. ఈయన ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్రాచార్యుడు. ఒక పెద్ద త్రాసుకు కుర్చీని వ్రేలాడగట్టి, అందులో కూర్చుండి భోజనం చేసేవాడు. తిన్నదీ త్రాగినదీ విసర్జించినదీ అంతా తూచినాడు. జమాఖర్చులు సరిపోలేదు. రోజుకు 8 పౌనుల అన్నపానాలు పుచ్చుకొంటే, వానిలో సుమారు 5 పౌనులు కంటికి కనబడకుండా శరీరం నుండి పోతున్నవని ఆయన తేల్చినాడు. 1614లో ఆ ఫలితాలను గ్రంథంగా ప్రకటించినాడు. సన్నబడడం ఆయన కోరిక కాదు. తెలుసుకొనడమే ఆయన కోరిక.

కనబడకుండా పోతున్నది ఏమిటో తెలియడానికి మరి నూట డెబ్బై సంవత్సరాలు పట్టినది. 1782-83 శీతకాలంలో ఫ్రాన్సు దేశంలో లవోజియే, లాప్లాస్ అనే ఇరువురు మహామేధావులు మంచు నింపిన ఒక పాత్ర నడుమ గినీ పంది అనే చిన్న జంతువును ఉంచినారు. దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగినదో కొలిచినారు. అది విడిచిన బొగ్గుపులుసు గాలినీ కొలిచినారు. బొగ్గు మండి అంతే గాలిని పుట్టించినప్పుడు వెలువడే వేడితో పోల్చి చూడగా రెండు లెక్కలూ దాదాపు సరిపోయినవి. ఊపిరి పీల్చడం ఒక విధమైన మెల్లని మంట అని వారు నిర్ణయించినారు. జఠరాగ్ని అనే మాట మనకు కొత్తది కాదు. ఆ అగ్నికి కొలత దొరకడం మాత్రం కొత్త. 1794లో విప్లవకారులు లవోజియేకు శిరచ్ఛేదం చేసినందున ఆ పరిశోధనను ముందుకు తీసుకొనిపోయే భాగ్యం ఆయనకు లేకపోయినది.

కేలరీ అన్న పేరును పారిస్ నగరంలో నికొలా క్లెమాన్ అనే ఆచార్యుడు 1819-24 సంవత్సరాల నడుమ తన ఉపన్యాసాలలో వాడినాడు. ఆయన బోధించినది ఆవిరియంత్రాలను గురించి. అన్నాన్ని గురించి కాదు. ఒక కిలోగ్రాము నీటి వేడిమిని ఒక డిగ్రీ పెంచడానికి కావలసిన వేడి ఒక కేలరీ. ఇంజనుకు బొగ్గు ఎంత వేయవలెనో తెలుసుకొనడానికి పుట్టిన కొలత కాలక్రమాన మనిషి కడుపుకు వచ్చి చేరినది.

దానిని కడుపుకు చేర్చిన వారిలో ముఖ్యుడు అమెరికాకు చెందిన విల్బర్ ఆట్‌వాటర్. జర్మనీలో చదువుకొని వచ్చిన ఈ రసాయన శాస్త్రజ్ఞుడు, రోజా అనే భౌతిక శాస్త్రజ్ఞునితో కలిసి వెస్లియన్ విశ్వవిద్యాలయంలో 1890 తరువాతి సంవత్సరాలలో ఒక చిన్న గదిని నిర్మించినాడు. మనిషి రోజుల తరబడి ఆ గదిలోనే తిని, నిద్రపోయి, వ్యాయామం చేసేవాడు. అతని ఒంటి నుండి వెలువడిన వేడినీ, విడిచిన గాలినీ బయట కొలిచేవారు. మాంసకృత్తులకు గ్రాముకు 4, పిండిపదార్థాలకు 4, క్రొవ్వుకు 9 కేలరీలు అని నేడు మనం వల్లెవేసే లెక్క ఈయన పరిశోధనల ఫలమే. 1896లో అమెరికా ఆహారపదార్థాల పట్టికను ప్రభుత్వం ప్రకటించినది.

ఇక్కడ ఒక విషయం మరువరాదు. తక్కువ కూలితో జీవించే కార్మికుడు తన డబ్బుకు ఎక్కువ బలాన్ని ఎట్లా కొనుక్కొనగలడన్నదే ఆట్‌వాటర్ ప్రశ్న. ఆయన అంకె ఆకలిగొన్నవాని పక్షాన పుట్టినది. అయినా అది అసంపూర్ణమైన అంకె. విటమినుల సంగతి అప్పటికి లోకానికి తెలియదు. అందువలన ఆకుకూరలకూ పండ్లకూ డబ్బు పోయడం దండుగ అన్నట్లు ఆ లెక్క తేల్చినది. తోటకూరకు మన అవ్వలు ఇచ్చిన విలువ ఆ పట్టికలో కనబడలేదు.

ఎక్కువ తినడానికి పుట్టిన లెక్కను తక్కువ తినడానికి త్రిప్పినది లులు హంట్ పీటర్స్ అనే కాలిఫోర్నియా వైద్యురాలు. ఆమె తానే ఒకప్పుడు 220 పౌనుల బరువుండి, అందులో 70 పౌనులు తగ్గించుకొన్నది. 1918లో ఆమె వ్రాసిన పుస్తకం కేలరీలను ఇంటింటి మాట చేసినది. రొట్టె ముక్క అనడం మాని నూరు కేలరీల రొట్టె అనవలెనని ఆమె బోధించినది. అది మొదటి ప్రపంచయుద్ధ కాలం. ధాన్యం కొరతగా ఉన్నప్పుడు ఒంటిమీద క్రొవ్వును నిలువచేయడం దేశానికి ద్రోహం అన్న ధోరణి ఆ పుస్తకంలో కనబడుతుంది. ఆ విధంగా అంకెకు పాపపుణ్యాలు అంటుకొన్నవి. యుద్ధం ముగిసినది, పుస్తకం 1924, 25 సంవత్సరాలలో కూడా అమెరికాలో అత్యధికంగా అమ్ముడుపోయినది, తప్పు చేసినామన్న భావం మాత్రం నేటికీ పోలేదు.

ఇప్పుడు కొంత వెనుకకు వచ్చి మన సీమ వంక చూడవలెను. 1876-78 నాటి కరవు మద్రాసు రాజధానిలో బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు మొదలైన జిల్లాలను తుడిచిపెట్టినది. ధాత కరువని మన పెద్దలు చెప్పుకొన్నది దీనినే. 1877 జనవరిలో వైస్రాయి పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరవు పనులలో మట్టి మోసే పురుషునికి రోజుకూలి ఒక పౌను ధాన్యపు ఖరీదూ, పైన కొద్దిపాటి పైకమూ చాలునని తగ్గించినాడు. మద్రాసు ఆరోగ్య కమిషనరు డాక్టరు కార్నిష్, కష్టపడే మనిషికి ఇది చాలదని గట్టిగా ఎదిరించినాడు. కొన్ని నెలలకు ప్రభుత్వం కూలి పెంచక తప్పలేదు. అప్పటికే ఎందరో రాలిపోయినారు. ఒక పౌను ధాన్యమంటే నేటి లెక్కలో సుమారు 1,570 కేలరీలు.

ఈ అంకె మరొకచోట కూడా కనబడుతుంది. 1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు, యుద్ధంలో ఆయుధం పట్టమన్న 36 మంది యువకులతో ఒక పరీక్ష ఆరంభించినాడు. యుద్ధంలో ఆకలికి కృశించిన ప్రజలను తిరిగి ఎట్లా పోషించవలెనో తెలుసుకొనడం అతని ఉద్దేశం. ఆ యువకులు ఆరు నెలలపాటు రోజుకు సుమారు 1,570 కేలరీల ఆహారంతో, వారానికి 22 మైళ్లు నడిచినారు. బరువులో నాల్గవ వంతు తగ్గినారు. అంతకంటె వింత వారి మనస్సులలో జరిగినది. వారికి తిండి తప్ప మరొక ధ్యాస లేకపోయినది. వంటల పుస్తకాలు పోగుచేసుకొన్నారు, పళ్లెరాలు నాకినారు, చీటికిమాటికి విసుగుకొన్నారు, దిగులుపడినారు. పరీక్ష ముగిసిన తరువాత ఎంత తిన్నా తనివి తీరనివారు కొందరు.

తిండిలెక్కతో సతమతమయ్యే నేటివారు ఈ వృత్తాంతాన్ని ఒకసారి జ్ఞాపకం చేసుకోవలెను. కడుపు మరీ మాడ్చుకొన్నప్పుడు మనస్సు అన్నం చుట్టూ తిరగడం గుణదోషం కాదు, శరీరధర్మం. ఆ యువకులు నిగ్రహం లేనివారు కారు. తమ నమ్మకం కొరకు లోకాన్ని ఎదిరించినవారు.

ఇక ఆ అంకె ఎంత ఖచ్చితమైనది? ఒక పౌను బరువుకు 3,500 కేలరీలని 1958లో వైద్యుడు విష్నోఫ్స్కీ లెక్కకట్టినాడు. అది విని రోజుకు 500 తగ్గిస్తే వారానికొక పౌను ఎల్లకాలం తగ్గుతూనే ఉంటుందని జనం భావించినారు. కాని శరీరం గుమాస్తా లెక్కకు లొంగదు. రాబడి తగ్గితే ఖర్చును తానే తగ్గించుకొంటుంది. 2012లో అమెరికా వ్యవసాయశాఖ పరిశోధకులు బాదం పప్పును పరీక్షించినారు. 28 గ్రాములకు 170 కేలరీలని పాత పద్ధతి చెప్పినచోట, మనిషికి నిజంగా అందుతున్నవి 129 మాత్రమే. 1992లో ప్రకటితమైన మరొక పరిశోధనలో, ఎంత తిన్నా లెక్క తక్కువే అనుకొనే కొందరు స్థూలకాయులు తాము తిన్నదానిలో దాదాపు సగం తెలియకుండానే విడిచి వ్రాసినారని తేలినది. పట్టికలోనూ పొరపాటు ఉన్నది, వ్రాసే చేతిలోనూ ఉన్నది.

మన దేశపు పట్టికకు కూడా చరిత్ర ఉన్నది. నీలగిరులలోని కూనూరు పోషకాహార పరిశోధనాలయం నుండి 1937లో ఆక్రాయిడ్ ఆధ్వర్యాన భారతీయ ఆహారాల విలువలు వెలువడినవి. ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. 2017లో 528 ఆహారపదార్థాల వివరాలతో క్రొత్త పట్టిక వెలువరించినది. కూనూరులో ఆ పని సాగిననాడు శాస్త్రజ్ఞుల ముందున్న సమస్య బెరిబెరి, బిడ్డల క్షీణత. నడుము చుట్టుకొలత కాదు.

లెక్క వ్రాసుకొనడం నిష్ప్రయోజనమని నా భావం కాదు. కొన్నాళ్లు వ్రాసి చూస్తే ఏ పదార్థంలో ఎంత బలమున్నదో తెలుస్తుంది. నూనెగరిటె తేలికచేతితో వంచడం అలవడుతుంది. అలవాటు కుదిరిన తరువాత పుస్తకాన్ని మూసివేయవచ్చును. ఆ పుస్తకమే నిద్రనూ నెమ్మదినీ హరించేటట్లయితే దానిని దాచడానికి సిగ్గుపడవలసిన పని లేదు. మంచి వైద్యునితో మాట్లాడవలెను.

మన అవ్వలు సోలతో బియ్యం కొలిచినారు. కొలిచి, సోలను బియ్యపు డబ్బాలో వేసి మూతపెట్టినారు. దానిని విస్తరి దగ్గరకు తీసుకొనిరాలేదు.