ధర్మరాజుల గుడి ముందు పద్దెనిమిది రోజులు: చిత్తూరు సీమలో భారత ఉత్సవాల చరిత్ర

చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో భారతం అంటే చదివే గ్రంథమే కాదు, ఊరంతా కలిసి జరుపుకునే ఉత్సవం కూడా. ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుడి దగ్గర ధ్వజారోహణంతో ఇది మొదలవుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం నడుస్తాయి. చివర దుర్యోధన వధ, అగ్నిగుండ ప్రవేశం, ధర్మరాజు పట్టాభిషేకం జరుగుతాయి. దీన్నే మహాభారత యజ్ఞమనీ, భారత మహోత్సవాలనీ అంటారు. భారతానికి పర్వాలు పద్దెనిమిది, కురుక్షేత్ర యుద్ధం సాగిన రోజులూ పద్దెనిమిదే కాబట్టి చాలా ఊళ్ళు ఉత్సవాన్నీ పద్దెనిమిది రోజులు జరుపుతాయి. చందాలను బట్టి కొన్నిచోట్ల రోజులు తగ్గుతాయి, కొన్నిచోట్ల పెరుగుతాయి.

ఈ సీమ పూర్వం తొండమండలంలో భాగం. తిరుమల కొండలే తమిళ దేశానికి ఉత్తరపు ఎల్ల అని ప్రాచీన తమిళ సాహిత్యం చెబుతుంది. ఆ మండలంలో నలుగురి మధ్య భారతం చదివించే అలవాటు చాలా పాతది. 7వ శతాబ్దం చివరి భాగంలో పల్లవ రాజు మొదటి పరమేశ్వరవర్మ కాంచీపురం దగ్గరి కూరం గ్రామంలో దానం చేస్తూ, మండపంలో భారతం చదివేవారికి ఒక భాగం కేటాయించినట్టు కూరం తామ్ర శాసనం చెబుతోంది. ఆ తర్వాత 11 నుంచి 14వ శతాబ్దం దాకా నన్నయ, తిక్కన, ఎర్రన భారతాన్ని తెలుగు చేశారు. తమిళంలో విల్లిపుత్తూరార్ భారతం జనంలోకి వెళ్ళింది. ద్రౌపదిని దేవతగా కొలిచే సంప్రదాయానికి తమిళనాడులోని సెంజి ప్రాంతం కేంద్రమైంది. అగ్నిలో పుట్టిన ద్రౌపదిని తమ కులదైవంగా భావించే వన్నెకుల క్షత్రియులు ఈ ఆరాధనలో ముందుంటారు. మిగతా కులాలవారూ తమ తమ బాధ్యతలతో ఇందులో పాలుపంచుకుంటారు.

పరిపాలనా సరిహద్దులు మారినా ఈ ఆచారం చెదరలేదు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకు ముందు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లా నుంచి వచ్చి కలిశాయి. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది. పుత్తూరు, నగరి వైపు పల్లెల్లో తెలుగు, తమిళం పక్కపక్కనే వినిపిస్తాయి. ఉత్సవ క్రమం అరవ దేశపు పద్ధతికి దగ్గరగా ఉన్నా, తెలుగు పల్లెల్లో హరికథకుడి పద్యం కవిత్రయానిది.

ధర్మరాజుల గుడి పెద్ద రాజగోపురాల గుడి కాదు. గర్భగుడిలో ద్రౌపది, ధర్మరాజు ఉంటారు. మిగతా పాండవులు, కృష్ణుడు, పోతరాజు పరివారంగా ఉంటారు. చాలాచోట్ల ఉత్సవ విగ్రహాలను కొయ్యతో చెక్కి రంగులు వేస్తారు. గుడికి అసలైన విస్తీర్ణం గోడల బయట ఉంటుంది. నాటకం ఆడే బయలు, తపస్సు మాను నాటే చోటు, దుర్యోధనుడి మట్టిబొమ్మను పరిచే నేల, అగ్నిగుండం, ఇవన్నీ కలిస్తేనే ఆ గుడి పూర్తవుతుంది. అలాంటి బయలును కొన్ని ఊళ్ళలో భారతం మిట్ట అంటారు. ఉత్సవం అయిపోయాక కూడా ఆ పేరు ఆ చోటికి ఉండిపోతుంది.

గుడిలో పోతరాజు ఉండటం వెనక ఒక జానపద కథ ఉంది. యుద్ధం గెలవడానికి కావలసిన వస్తువులు పోతరాజు అనే రాజు దగ్గర ఉన్నాయట. కృష్ణుడి ఉపాయంతో పాండవులు వాటిని సంపాదించి, తమ చెల్లెలిని అతనికిచ్చి పెళ్ళి చేశారట. అప్పటి నుంచి అతను ద్రౌపదికి కాపలాదారు అయ్యాడు. తెలుగు పల్లెల్లో పోతరాజు గంగమ్మ అక్కచెల్లెళ్ళకు తమ్ముడు. ధర్మరాజుల గుడిలో ఆయన పాండవుల చుట్టమయ్యాడు. వ్యాసభారతంలో లేని ఈ బంధుత్వం ఇతిహాసాన్ని గ్రామదేవతల కుటుంబంలో కలిపింది.

హరికథకుడు మధ్యాహ్నం చెప్పిన ఘట్టమే రాత్రి వీధినాటకమవుతుంది. తమిళ తెరుక్కూత్తుకూ దీనికీ దగ్గరి చుట్టరికం ఉంది. కొయ్యతో చేసి అద్దాలు అతికిన కిరీటాలు, భుజకీర్తులు, ముఖాన చిక్కటి రంగులు, నడుము చుట్టూ గుండ్రంగా విచ్చుకునే దుస్తులు దీని ఆహార్యం. పాత్రధారి ముందు తెర వెనక నిలబడి తన రాకను పాటతో తెలుపుతాడు. తెర తొలగగానే గిరగిర తిరుగుతూ రంగంలోకి వస్తాడు. మద్దెల, తాళాలు, హార్మోనియం తోడుగా ఆట తెల్లవారేదాకా సాగుతుంది. సంప్రదాయంగా ఆడవేషాలు మగవాళ్ళే కట్టేవారు. వస్త్రాపహరణం రాత్రి దుశ్శాసన వేషధారి ద్రౌపది చీరను తాకబోయే ముందు కర్పూర హారతి ఇవ్వడం ఈ నాటక సంప్రదాయంలో ఉంది. ఆ ఘడియలో ఎదుట ఉన్నది నటుడు కాదు, అమ్మవారని నమ్మకం.

కొన్ని ఘట్టాలు రంగస్థలం దాటి వీధుల్లోకి వస్తాయి. బకాసుర వధ నాడు భీముడు అన్నం బండితో ఊరు తిరుగుతాడు. అర్జున తపస్సు నాడు అర్జున వేషధారి పద్యాలు పాడుతూ ఎత్తయిన మాను ఎక్కుతాడు. ఆ మాను అతనికి కైలాసం వైపు దారి, పాశుపతాస్త్రం కోసం చేసే తపస్సు. పైనుంచి అతను విసిరే నిమ్మకాయలు, పూలు, విభూతి కోసం కింద జనం ఎదురుచూస్తారు. పిల్లలు కావాలని మొక్కుకున్న స్త్రీలు తడిబట్టలతో మాను చుట్టూ సాగిలపడతారు. దీన్ని వరపడటం అంటారు. ఈ కిరాతార్జునీయ కథను 16వ శతాబ్దంలో లేపాక్షి చిత్రకారులు వీరభద్రాలయం పైకప్పు మీద గీశారు. మహాబలిపురంలో పల్లవులు చెక్కించిన పెద్ద శిల్పాన్ని కూడా చాలామంది అర్జున తపస్సుగానే గుర్తిస్తారు, కొందరు భగీరథ తపస్సు అంటారు. బొమ్మగా, శిల్పంగా చూసిన కథను పల్లె తన నట్టనడుమ నిలబెట్టుకుంది.

చివరి యుద్ధం పట్టపగలు జరుగుతుంది. బయలులో దుర్యోధనుడి బొమ్మను వెల్లకిలా పడుకున్నట్టు మట్టితో మలుస్తారు. అది మనిషికి ఎన్నో రెట్లు ఉంటుంది. భీమ, దుర్యోధన వేషధారులు దాని చుట్టూ పరుగెడుతూ గదలతో తలపడతారు. భీముడు తొడమీద కొట్టగానే అక్కడ దాచిన ఎర్రనీళ్ళు పైకి చిమ్ముతాయి. సభలో విడిచిన జుట్టును ద్రౌపది ఆ నెత్తుటితో తడిపి ముడి వేసుకుంటుంది. ఆమె శపథం తీరుతుంది.

ఆ సాయంత్రం అగ్నిగుండం. పగలంతా కాలిన కట్టెలు నిప్పులవుతాయి. కంకణం కట్టుకుని ఉపవాసం ఉన్నవారు స్నానం చేసి, పసుపు బట్టలతో, ఉత్సవమూర్తుల వెంట నిప్పుల మీద నడుస్తారు. యుద్ధం ముగిశాక ద్రౌపది అగ్నిలో నడిచి తన పవిత్రతను నిరూపించుకుందన్న నమ్మకం దీనికి మూలం. మరునాడు ధర్మరాజు పట్టాభిషేకంతో కంకణాలు విప్పుతారు. పొరుగున బెంగళూరు ధర్మరాయస్వామి గుడిలో తిగళ కులంవారు చైత్ర పౌర్ణమికి జరిపే కరగ ఉత్సవం ఈ ఆరాధనకే మరో రూపం. అక్కడ స్త్రీవేషం కట్టిన పూజారి పూల కరగాన్ని తలమీద మోస్తూ రాత్రంతా నగరం తిరుగుతాడు.

19వ శతాబ్దంలో ఈ ఆచారం సముద్రం దాటడం మొదలైంది. మారిషస్‌కు 1834 నుంచి, దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు 1860 నుంచి ఒప్పంద కూలీలు వెళ్ళారు. మద్రాసు రేవు నుంచి ఫిజీకి 1903లో వలస మొదలైంది. ఫిజీకి వెళ్ళిన దక్షిణాదివారిలో ఉత్తర ఆర్కాటు వాసులు ఎక్కువ. నేటి చిత్తూరు ప్రాంతంలో చాలాభాగం 1911 దాకా ఆ జిల్లాలోనిదే. సింగపూర్ మారియమ్మన్ గుడి 1827 నాటిది. అక్కడ 1840 నుంచి తీమితి అనే నిప్పుల నడక జరుగుతోంది. నిప్పులు దాటిన భక్తులు చివర పాలగుంటలో అడుగుపెడతారు. దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్స్‌బర్గ్ గుడిలో గుడ్ ఫ్రైడే రోజున నిప్పుల నడక జరుగుతుంది. ఫిజీలో బెంగా ద్వీపపు ఆదివాసులకు కాల్చిన రాళ్ళమీద నడిచే సంప్రదాయం ముందునుంచీ ఉంది. ఇప్పుడు ఆ ఒక్క దేశంలోనే రెండు సంప్రదాయాలూ కనిపిస్తాయి. ఫ్రెంచి పాలనలోని రీయూనియన్‌లో నిప్పుల నడకతోపాటు భారత కథలాడే రాత్రి నాటకమూ బతికింది. దాన్ని అక్కడ 'బాల్ తమూల్' అంటారు.

ఆ దేశాల్లో అన్నిటికన్నా గట్టిగా నిలిచింది నిప్పుల నడక. వ్రతం ఒక్క మనిషి కూడా పట్టవచ్చు. పద్దెనిమిది రోజుల భారతానికి మాత్రం హరికథకుడు, మేళం, కొయ్యపని చేసేవారు, మట్టిబొమ్మ మలిచేవారు, పనులు మానుకుని రాత్రంతా కూర్చునే ఊరు కావాలి. తోటల్లో పగలంతా చాకిరీ చేసిన కూలీలకు ఆ తీరిక ఉండేది కాదు. పంటలయ్యాక వేసవిలో ఎక్కువగా ఈ ఉత్సవాలు జరిపే చిత్తూరు సీమ పల్లెలకు ఆ వీలు ఉంది. మైకులు, విద్యుద్దీపాలు వచ్చాయి, నాటకమేళాలు ఊరూరూ తిరిగి ఆడుతున్నాయి. హరికథ, ఆట, మాను, మట్టిబొమ్మ, నిప్పు అనే ఐదూ ఒకే చోట, ఒకే క్రమంలో ఇక్కడ ఇప్పటికీ సాగుతున్నాయి.