హిస్టరీ అండ్ మెమరీ (లఘు చిత్రం)

హిస్టరీ అండ్ మెమరీ: ఫర్ అకికో అండ్ తకాషిగే అనేది 1991లో వెలువడిన ఒక అమెరికన్ స్వతంత్ర లఘు చిత్రం. నిడివి 32 నిమిషాలు. జపనీయ సంతతికి చెందిన అమెరికన్ దర్శకురాలు రియా తజిరి దీనిని వీడియోపై రూపొందించింది. పేరుకు చరిత్ర, జ్ఞాపకం అని అర్థం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆమె కుటుంబం అనుభవించిన నిర్బంధం ఇందులోని విషయం. అయితే తజిరి 1958లో, అనగా శిబిరాలు మూతబడిన సుమారు పుష్కరకాలం తరువాత, చికాగోలో జన్మించింది. తాను చూడని, తల్లి మరచిపోయిన కాలాన్ని తెరపైకి తేవడం ఎలా అన్నదే ఈ చిత్రంలోని అసలు ప్రశ్న.

నేపథ్యం

1941 డిసెంబరు 7న జపాను పెర్ల్ హార్బర్‌పై దాడి చేసింది. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 9066వ సంఖ్య గల ఉత్తర్వుపై సంతకం చేశాడు. దాని ఆధారంగా పశ్చిమ తీరంలోని సుమారు 1,20,000 మంది జపనీయ సంతతివారిని ఇళ్ళ నుండి తరలించి శిబిరాలలో ఉంచారు. వీరిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది అమెరికా పౌరులే. తజిరి తల్లి అరిజోనా ఎడారిలోని పోస్టన్ శిబిరానికి చేరింది. ఈ శిబిరం కట్టిన నేల ఆదివాసులకు కేటాయించినది. వారి మండలి అభ్యంతరపెట్టినా ప్రభుత్వం లెక్కచేయలేదు. తండ్రి అమెరికా సైన్యంలో పనిచేశాడు. ఆ కాలంలోనే కుటుంబం నివసించిన ఇంటిని ఎవరో ఉన్నపళంగా పెకలించి తరలించుకుపోయారు.

కథనం

నిర్బంధితుల వద్ద కెమెరాలు ఉండటం తొలుత నిషిద్ధం. అందువలన లభించే దృశ్యాలలో అధికభాగం ప్రభుత్వం తీయించినవే. కెమెరా ఎదుట జరిగినవి, కెమెరా కోసం మళ్ళీ నటించినవి, ఆత్మలు మాత్రమే చూసినవి అని చిత్రం సంఘటనలను విడదీసి చెబుతుంది. ఆరంభంలో తెరపై నడిచే అక్షరాలలో, కూతురి పీడకలల గురించి తల్లిదండ్రులు వాదులాడుకోవడాన్ని తాతగారి ఆత్మ పైనుండి గమనిస్తుంది.

తల్లి ఎడారిలో కుళాయి వద్ద సీసాలో నీళ్ళు పట్టుకుంటున్న దృశ్యం తజిరి మనసులో ఎంతో కాలంగా ఉంది. అది ఎక్కడిదో ఆమెకు తెలియదు. తల్లిని అడిగితే శిబిరం గురించి దాదాపు ఏమీ గుర్తులేదంటుంది. ఇంట్లో ఉన్న చెక్కపిట్ట బొమ్మ మాత్రం మరో దారి చూపింది. జాతీయ అభిలేఖాగారంలో దొరికిన ఒక ఛాయాచిత్రంలో, శిబిరంలో పిట్టబొమ్మలు చెక్కడం నేర్చుకుంటున్నవారి నడుమ తన అమ్మమ్మ కనిపించింది. ఈ ఘట్టాన్ని చిత్రం హడావిడి లేకుండా చెప్పడం వలననే అది ప్రేక్షకునికి బలంగా తగులుతుంది.

బ్యాడ్ డే ఎట్ బ్లాక్ రాక్ (1955) అనే హాలీవుడ్ చిత్రం నుండి తీసుకున్న భాగాలు కూడా ఇందులో ఉన్నాయి. ఆ చిత్రకథ అంతా కొమోకో అనే జపనీయుని హత్య చుట్టూ తిరుగుతుంది, కానీ కొమోకో ఒక్కసారి కూడా కనబడడు. ఉన్నవారిని కనబడకుండా చేయడం శిబిరాలతోనే ఆగలేదని చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

చివర తజిరి పోస్టన్‌కు వెళ్ళి చూస్తుంది. నీళ్ళు పట్టే దృశ్యాన్ని తిరిగి చిత్రించి, తల్లి మరపులోని ఖాళీని దానితో నింపుతుంది. చరిత్రకారుడు దీనిని సాక్ష్యంగా అంగీకరించకపోవచ్చు. చిత్రం కూడా అలా కోరదు.

అనంతరం

ఈ చిత్రానికి మూడేళ్ళ ముందు, 1988లో, అమెరికా ప్రభుత్వం చట్టం ద్వారా క్షమాపణ తెలిపి, నాటికి జీవించి ఉన్న ప్రతి బాధితునికి 20,000 డాలర్లు మంజూరు చేసింది. తజిరి 1997లో స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ అనే కథాచిత్రం తీసింది. 2022లో వచ్చిన విజ్‌డమ్ గాన్ వైల్డ్ మళ్ళీ తల్లి గురించినదే; ఈసారి ఆమె మరపుకు కారణం వృద్ధాప్యంలో వచ్చిన మతిమరపు వ్యాధి.