పూసా సావనీ బెండ కథ

అన్నలూ, బెండకి పల్లాకు తెగులు వచ్చినప్పుడల్లా మా ఊరి పెద్దోళ్లు "పూసా సావనీ రోజుల్లో ఇది లేదురా" అంటారు. నిజమే, కొన్నేళ్లు లేదు. మరి తర్వాత ఏమైంది?

ఈ తెగులు గురించి మన దేశంలో మొదట రాసింది 1924లో, అప్పటి బొంబాయి ప్రాంతంలో. తెల్లదోమ రసం పీలుస్తూ ఒక మొక్కలోని వైరస్‌ని ఇంకో మొక్కకి అంటిస్తుంది. మందు కొట్టి దోమని చంపేలోపే అంటించేసి ఉంటుంది, అదీ బాధ.

ఢిల్లీలోని పూసా సంస్థలో హర్భజన్ సింగ్ గారి బృందం, పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన ఐసీ-1542 అనే బెండని పూసా మఖ్మలీతో కలిపి 1960 నాటికి పూసా సావనీ తయారుచేసింది. దేశమంతా అదే వేశారు. అయితే ఐసీ-1542లో వైరస్ చేరేది, ఆకు మాత్రం పసుపెక్కేది కాదు. అంటే మొక్క దోమనీ ఆపలేదు, వైరస్‌నీ ఆపలేదు, ఓర్చుకుంది అంతే. కొన్నేళ్లకి ఆ ఓర్పు కూడా పోయింది, సావనీ చేలు పసుపెక్కాయి.

అప్పుడు అడవి బెండ జాతులతో కలిపారు. 1980లలో పర్భణీ క్రాంతి, తర్వాత బెంగళూరు నుంచి అర్క అనామిక అలా వచ్చినవే. ఇప్పుడు వాటిలోనూ చాలాచోట్ల పల్లాకు కనబడుతోంది.

ఈసారి విత్తనం కొనేటప్పుడు ప్యాకెట్ మీద "తట్టుకుంటుంది" అని ఉంటే, దేన్ని అని షాపులో అడగండి. వైరస్‌నా, దోమనా?