అంచు అల్లినవారి లెక్క

ఈ పాఠంలో మనం ఒక చిన్న వస్తువు గురించి తెలుసుకుందాం. బల్లగుడ్డ చుట్టూ, దిండు గలేబు చివర, పసిపిల్లల గౌను కింద మీరు చూసే క్రోషా అంచు. వస్తువు చిన్నదే గాని, దాని చరిత్ర రాయబోతే మొదట్లోనే ఒక పెద్ద చిక్కు ఎదురవుతుంది. ఎవరు అల్లారు, ఎంతమంది అల్లారు అన్నదానికి సరైన లెక్క లేదు. ఎందుకు లేదో తెలియాలంటే ముందు లెక్క తీయడం ఎప్పుడు మొదలైందో చూడాలి. అందుకోసం కాసేపు సముద్రం దాటి అండమాన్ వెళ్లి వద్దాం.

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు ఎదురుగా, రేవు అవతలి ఒడ్డున హోప్ టౌన్ అనే చిన్న ఊరు ఉంది. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయి మేయో ఖైదీల స్థావరాన్ని తనిఖీ చేయడానికి వచ్చి, సాయంత్రం హారియట్ కొండ ఎక్కి సూర్యాస్తమయం చూశాడు. చీకటిపడ్డాక దిగి హోప్ టౌన్ రేవు మెట్ల దగ్గరకు వచ్చినప్పుడు షేర్ అలీ అఫ్రీదీ అనే ఖైదీ అతణ్ణి కత్తితో పొడిచి చంపాడు. మార్చి 11న షేర్ అలీని వైపర్ దీవిలో ఉరితీశారు. ఒక్క సాయంత్రపు సంఘటన, అయినా దాని తేదీ, చోటు, మనుషుల పేర్లు అన్నీ మనకు తెలుసు.

పోటీ పరీక్షలకు చదివేవారికి మేయో పేరు మరో సందర్భంలోనూ ఎదురవుతుంది. దేశవ్యాప్తంగా జనాన్ని లెక్కించే మొదటి ప్రయత్నం అతని హయాంలోనే జరిగింది. దాన్ని 1872 జనగణన అంటారు. నిజానికి అన్ని ప్రాంతాల్లోనూ ఒకేసారి జరగలేదు. మన జిల్లాలున్న మద్రాసు రాజధానిలో 1871 నవంబరులోనే లెక్క తీశారు. దేశమంతా ఏకకాలంలో జరిగినది 1881 జనగణన. అప్పటినుంచి పదేళ్లకోసారి గణకులు ఇంటింటికీ వచ్చి ఎవరు ఏ పని చేసి బతుకుతున్నారో రాసుకుంటూ వచ్చారు. ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోండి. పగలంతా అరుగు మీద కూర్చుని కొక్కెం సూదితో నూలు అల్లే ఆడమనిషి ఆ లెక్కలో ఎక్కడ పడింది?

ఈ ప్రశ్నకు సరిగ్గా సరిపోయే ప్రాంతం మన గోదావరి డెల్టాలోనే ఉంది. అది నరసాపురం. ఈ ఊరికి బట్టతో సంబంధం లేసుకంటే చాలా పాతది. పక్కనున్న మాధవాయిపాలెంలో ఈస్టిండియా కంపెనీకి వర్తక స్థావరం ఉండేది. అక్కడి మెత్తని నూలుబట్ట ఆ ఊరి పేరుతోనే ఐరోపాకు వెళ్లింది. ఇంగ్లీషువారి నోట మాధవాయిపాలెం ‘మడపొల్లం’ అయింది. ఇప్పటికీ బట్టల నిఘంటువుల్లో ఆ మాట ఒక రకం తెల్లబట్టకు పేరుగా కనిపిస్తుంది. నేసిన ఊరి పేరైనా నిలిచింది, నేసినవారి పేర్లు నిలవలేదు.

లేసు తర్వాత వచ్చింది. క్రోషా అన్న ఫ్రెంచి మాటకు చిన్న కొక్కెం అని అర్థం. సాలె మగ్గం అక్కర్లేదు, చట్రం అక్కర్లేదు. ఒక సూది, ఒక నూలు ఉండ చాలు. 1845 తర్వాత ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట కుళ్లి మహా కరువు వచ్చినప్పుడు అక్కడి క్రైస్తవ సన్యాసినులు, చర్చి కుటుంబాల స్త్రీలు పేద ఇళ్ల ఆడవాళ్లకు ఈ పని నేర్పారు. క్లోన్స్ అనే ఊళ్లో కసాండ్రా హ్యాండ్ అనే ఆమె 1847లో మొదలుపెట్టిన అల్లిక ఆ ఊరి పేరుతోనే ప్రసిద్ధమైంది. వెనిస్ నగరపు సూది లేసును పోలిన వస్తువు అంతకంటే చాలా తక్కువ సమయంలో తయారవుతుంది, కూలీ గిట్టుబాటవుతుంది. ఇదీ అప్పటి ఆలోచన.

సరిగ్గా ఆ కాలంలోనే మన డెల్టా కూడా కోలుకుంటోంది. 1832-33 నాటి నందన కరువు జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉంది. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలై 1852లో ముగిసింది. మిషనరీ కుటుంబాల స్త్రీలు ఇక్కడి ఆడవాళ్లకు లేసు అల్లిక నేర్పింది ఆ శతాబ్దంలోనే. పరిశ్రమ చరిత్ర చెప్పేవారు సాధారణంగా 1844తో మొదలుపెడతారు. స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్‌రే దంపతుల పేరు చెబుతారు. నేర్పినవారి పేరు వినబడుతోంది గాని, మొదట నేర్చుకున్న తెలుగు ఆడవాళ్లలో ఒక్కరి పేరూ వినబడదు. గమనించండి, హోప్ టౌన్ కథకూ దీనికీ తేడా అదే.

ఇప్పుడు అంచు దగ్గరకు వద్దాం. చీర కొనేటప్పుడు మనవాళ్లు ముందు చూసేది అంచునే. క్రోషాలోనూ అంతే. కాని నేతచీరకు అంచు నేతతోపాటే వస్తుంది. క్రోషాలో అంచు విడిగా, చివర్న వేసే పని. అల్లిన ముక్క పైవరసలో కుట్ల కళ్లు వరసగా కనిపిస్తాయి కాబట్టి సూది ఎక్కడ గుచ్చాలో తెలుస్తుంది. పక్క అంచుల్లో అలా కళ్లు ఉండవు, వరసల చివరలే ఉంటాయి. పొట్టి కుట్టు వరస అయితే ఒక చివరకు ఒక కుట్టు, పొడుగు కుట్టు వరస అయితే ఇంచుమించు రెండు, ఇలా లెక్క కట్టుకోవాలి. కుట్లు ఎక్కువైతే అంచు కుచ్చిళ్లు పడుతుంది, తక్కువైతే ముక్క గిన్నెలా ముడుచుకుంటుంది. మూల దగ్గర ఒకే కంట్లో మూడు కుట్లు వేస్తే గాని మలుపు చదునుగా రాదు. అందుకే అనుభవం ఉన్నవారు ముందు ఒక సాదా చుట్టు వేస్తారు, ఆ తర్వాతే గవ్వలు గాని, ముత్యాల్లాంటి బుడిపెలు గాని. ఒక గవ్వకు నాలుగు కుట్లు కావాలంటే సాదా చుట్టులోని కుట్లు నాలుగుతో భాగించబడాలి. లేకపోతే చివరి గవ్వ సగంలో ఆగిపోతుంది. బడి మెట్లెక్కనివాళ్లు కూడా ఈ లెక్కను వేళ్ల మీదే చేసేవారు.

పని పంపకం కూడా ఇందులోనే అర్థమవుతుంది. నరసాపురం పద్ధతిలో వస్తువు ఒక ఇంట్లో పుట్టి అదే ఇంట్లో పూర్తికాదు. ఏజెంటు నూలు ఇస్తాడు. పువ్వులు, చక్రాలు ఒకరు అల్లుతారు. వాటిని కలిపే అతుకుపని మరొకరిది. తర్వాత ముక్కలు ఏజెంటు ద్వారా ఎగుమతిదారు దగ్గరకు, అక్కడినుంచి విదేశాలకు చేరతాయి. పువ్వులు పది ఇళ్లలో అల్లితే వాటి బిగువు పది రకాలుగా ఉంటుంది. ఒకరి చెయ్యి బిగువు, ఒకరిది వదులు. ఆ తేడాలను సర్దవలసింది అతుకు, అంచు వేసే మనిషే. కాని కూలి కట్టేది నూలు లెక్కన. అంచుకు పట్టే నూలు తక్కువ, పట్టే కన్ను ఎక్కువ. అలాంటి కొలమానం ఎవరికి నష్టమో మీరే ఆలోచించండి.

ఈ విషయాలను పరిశోధించి ప్రపంచానికి చెప్పింది జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్. 1970ల చివర్లో ఆమె కె. లలిత, కృష్ణకుమారిల సహాయంతో నరసాపురం పరిసరాల్లో లేసు అల్లే స్త్రీలతో మాట్లాడింది. 1982లో వెలువడిన ‘నరసాపురం లేసు అల్లేవారు’ అనే పుస్తకం ఇంగ్లీషులో రాసినది, నేటికీ ప్రపంచంలోని విశ్వవిద్యాలయాల్లో చదువుతున్నది. లక్షమందికి పైగా స్త్రీలు ఈ పనిలో ఉన్నారని అప్పటి అంచనా. ఇంటి చాకిరీకి తోడు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా, వారి రాబడి ఆడ వ్యవసాయ కూలీల కనీస వేతనానికి చాలా దిగువన ఉండేది. కాపు కుటుంబాల స్త్రీలు ఘోషా పాటిస్తూ పొలానికి వెళ్లరు కాబట్టి గడప దాటని ఈ పని వారికి గౌరవం అనిపించింది. వారికంటే పేదవారైన ఆడకూలీలు పొలంలో ఎక్కువ సంపాదించేవారు. గౌరవం ధర కూలిలోంచే కోసుకున్నారన్నమాట.

మీస్ ఎత్తిచూపిన అసలు విషయం మాట గురించి. వీళ్లను వ్యాపారులు, అధికారులు కార్మికులనలేదు. గృహిణులు, తీరిక వేళల్లో అల్లుకుంటారు అన్నారు. తీరిక అన్న మాట ఒకసారి ఒప్పుకుంటే కనీస వేతనం అడిగే దారి మూసుకుపోతుంది. జనగణనలోనూ వాళ్లు కార్మికుల గడిలోకి రాలేదు. ఇంట్లోనే కూర్చుని చుట్టే బీడీని చూడండి. 1966 చట్టం బీడీ చుట్టే స్త్రీని ఇంట్లో ఉన్నా కార్మికురాలిగానే గుర్తించింది, 1976లో సంక్షేమ నిధి వచ్చింది. లేసుకు అలాంటి చట్టం లేదు. ఇంటి దగ్గర చేసే పనిపై 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం దానిమీద సంతకం చేయలేదు.

యంత్రాల మాట కూడా చెప్పుకోవాలి. బజారులో చవగ్గా దొరికే మీటర్ల కొద్దీ లేసు యంత్రం చేసిందే, కాని అది నిజానికి వేరే రకం అల్లిక. క్రోషాను అచ్చంగా అల్లే యంత్రం పరిశోధనశాలల్లో నమూనాలు దాటి కర్మాగారాలకు రాలేదు. కాబట్టి మీ చేతిలోని అంచు నిజంగా క్రోషా అయితే దాన్ని ఎక్కడో ఒక మనిషి కూర్చుని అల్లినట్టే.

2024లో నరసాపురం క్రోషా లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. నరసాపురం, పాలకొల్లు, రాజోలు, అమలాపురం వైపు ఊళ్లవారికి ఇది మంచి కబురే. వేరేచోట తయారైన లేసును నరసాపురం పేరుతో అమ్మకూడదు. అయితే ఈ గుర్తింపు కాపాడేది పేరును, ప్రాంతాన్ని. అతుకుపనికి ఎంత కూలి ఇవ్వాలో అందులో ఉండదు.

తర్వాతి జనగణనకు ప్రభుత్వం ప్రకటించిన ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. 2011 జనగణనలో గడిచిన ఏడాదిలో ఎప్పుడైనా పని చేశారా అని అడిగారు. మూడు నెలలకు తక్కువ చేసినవారికి ఒక గడి, మూడు నుంచి ఆరునెలల లోపు చేసినవారికి ఒక గడి, ఆరునెలలు గాని అంతకు మించి గాని చేసినవారికి ఒక గడి, కుటుంబ పరిశ్రమకు విడిగా మరొకటి ఉన్నాయి. కూలికి లేసు అల్లే మనిషి ఆ గడుల్లోకే వస్తుంది. గణకుడు వచ్చినప్పుడు ఇంటి మగవాళ్లు ఆమె బదులు ‘ఇంట్లోనే ఉంటుంది’ అని చెప్పేస్తే మాత్రం రాదు. మీ వీధిలో అల్లేవారెవరైనా ఉంటే ఈ సంగతి ముందే వారి చెవిన వేయండి.