పాత తుపాకీకి అంత ధర ఎందుకు? మన దేశంలో సెకండ్ హ్యాండ్ రివాల్వర్ చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో కాస్త కొత్త విషయం మాట్లాడుకుందాం. స్కూటర్ పాతబడితే ధర పడిపోతుంది. ఫ్రిజ్ పాతబడితే ఇనుప సామాన్ల వాడు తూకానికి అడుగుతాడు. మన దేశంలో రివాల్వర్ సంగతి మాత్రం వేరు. ఎనభై ఏళ్ల కిందటి విదేశీ రివాల్వర్, నిన్న మొన్న మన ఫ్యాక్టరీలో తయారైన కొత్తదాని కన్నా ఎక్కువ ధర పలకొచ్చు. మొదటిసారి లైసెన్సు చేతికొచ్చిన మనిషి ముందు రెండు దారులు ఉంటాయి. ఒకటి, కొత్తది కొనడం. రెండోది, లైసెన్సున్న ఇంకొకరి దగ్గర పాతది కొనడం. ఆ రెండో దారి వెనక దాదాపు నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో గాంధీగారి హత్య కూడా ఉంది. ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదలుపెట్టాల్సింది 1857 దగ్గర. సిపాయిల తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ వాళ్లకు పట్టుకున్న భయం ఏంటంటే, జనం చేతుల్లో ఆయుధాలు ఎన్నున్నాయో తమకు తెలియకపోవడం. ఆ భయంలోంచి వచ్చిందే 1878 ఆయుధాల చట్టం. అప్పుడు వైస్రాయ్ లార్డ్ లిట్టన్. దేశభాషా పత్రికల నోరు నొక్కే చట్టం కూడా ఆయన హయాంలోనే, అదే ఏడాది వచ్చింది. అంటే ఒకే ఏడాదిలో అటు కలానికీ ఇటు తుపాకీకీ కళ్ళెం వేశారన్నమాట. ఆయుధాల చట్టంలో అసలు అవమానం ఎక్కడుందంటే, భారతీయుడు తుపాకీ పెట్టుకోవాలంటే లైసెన్సు కావాలి, యూరోపియన్‌కు అక్కర్లేదు. జమీందార్లు, బిరుదులున్నవాళ్ళు కొందరికి మినహాయింపు దొరికేది. మామూలు రైతుకు మాత్రం దొరకదు. ఈ జాతి తేడాను కాగితం మీద తీసేయడానికి 1920 నిబంధనల దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ కాలం నుంచే ఇంకో కట్టడి ఉంది. దాన్ని అర్థం చేసుకుంటే నేటి మార్కెట్ సగం అర్థమైనట్టే. సైన్యం వాడే తూటా సైజులు పౌరుల చేతికి రాకూడదన్నది ఆ నియమం. సైన్యం రైఫిల్ పాయింట్ 303 కాబట్టి అది వద్దు. సైన్యం రివాల్వర్ పాయింట్ 455 కాబట్టి అదీ వద్దు. సైనికుల దగ్గర కొట్టేసిన తూటాలు బయటి తుపాకుల్లో పట్టకూడదన్నది ఆలోచన. స్వతంత్రం వచ్చాక కూడా ఇదే పద్ధతి నిలిచింది. అందుకే మన దేశంలో చేతి తుపాకీ అనగానే వినబడే మాట పాయింట్ 32 బోరు. బర్మింగ్‌హామ్‌లో వెబ్లీ అండ్ స్కాట్, అమెరికాలో స్మిత్ అండ్ వెసన్, కోల్ట్ కంపెనీలు చేసిన పాయింట్ 32 రివాల్వర్లు ఓడల్లో వచ్చి, జమీందార్ల, ప్లీడర్ల, కాంట్రాక్టర్ల బీరువాల్లోకి చేరాయి. ఈరోజు పాత విదేశీ రివాల్వర్ అని అమ్మకానికి వచ్చేవాటిలో చాలావాటి పుట్టుక ఇదే.

లైసెన్సు లేనివాడు ఏం చేయాలి? మన మన్యంలో అల్లూరి సీతారామరాజు ఏం చేశారో గుర్తు చేసుకోండి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరసగా దాడి చేసి 26 తుపాకులు తీసుకెళ్ళారు. అవి చేతి తుపాకులు కావు, పోలీసుల పొడుగు తుపాకులు. అయినా ఈ కథలో ఆ దాడికి చోటుంది, ఎందుకంటే తీసుకెళ్ళిన ఆయుధాల వివరం రాసి మరీ వెళ్ళారాయన. తుపాకీ ఎవరి దగ్గర నుంచి ఎవరి దగ్గరికి పోయిందో దాచలేదు. ఈ మాట మనసులో పెట్టుకోండి, దీని అవసరం ముందు ముందు వస్తుంది.

1931 మార్చిలో కరాచీలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. సర్దార్ పటేల్ అధ్యక్షులు. స్వతంత్ర భారతంలో పౌరులకు ఏ హక్కులు ఉండాలో అక్కడ తీర్మానం చేశారు. నిబంధనలకు లోబడి ఆయుధం కలిగి ఉండే హక్కు కూడా ఆ జాబితాలో ఉంది. అహింసను నమ్మిన కాంగ్రెసే ఈ మాట చెప్పింది. ఎందుకంటే 1878 చట్టం వాళ్ళకు ఆయుధం సమస్యలా కాదు, ఆత్మగౌరవం సమస్యలా కనబడింది.

ఇక 1948 జనవరికి వద్దాం. గాంధీ హత్య గురించి మనం చాలా విన్నాం. కానీ ఆ కుట్రను తుపాకీ వైపు నుంచి చూసినవాళ్ళు తక్కువ. జనవరి 20న ఢిల్లీ బిర్లా హౌస్ దగ్గర మొదటి ప్రయత్నం జరిగింది. ఆ రోజు కుట్రదారుల దగ్గర రెండు రివాల్వర్లు ఉన్నాయి, రెండూ పాతవే. పొద్దున్నే హిందూ మహాసభ భవన్ వెనక చెట్ల మధ్య వాటిని పరీక్షించి చూశారు. తర్వాత అప్రూవర్‌గా మారిన దిగంబర్ బాడ్గే కోర్టులో చెప్పిన దాని ప్రకారం, ఒకదాని తూటాల గది సరిగ్గా పనిచేయలేదు. రెండోది పేలింది కానీ తూటా గురిపెట్టిన చెట్టు దాకా వెళ్ళనే లేదు. ఈ బాడ్గే పూనాలో ఆయుధాల వ్యాపారి. ఆ రోజు తుపాకీ పేల్చి చూసినవాడు అతని పనివాడు శంకర్ కిష్టయ్య. ఎర్రకోటలో విచారణ జరిగినప్పుడు హిందుస్తానీ, మరాఠీలతో పాటు తెలుగు దుబాసీని కూడా పెట్టాల్సి వచ్చింది ఈ కిష్టయ్య కోసమే. కింది కోర్టు అతనికి యావజ్జీవం వేసింది, 1949లో హైకోర్టు విడుదల చేసింది.

జనవరి 20న మదన్‌లాల్ పహ్వా పెట్టిన బాంబు గోడ దగ్గర పేలింది, అతను దొరికిపోయాడు, మిగతావాళ్ళు పారిపోయారు. తర్వాతి వారం రోజులు నాథూరాం గోడ్సే, నారాయణ్ ఆప్టే వెతికింది దేనికోసం? పనిచేసే ఒక పిస్టల్ కోసం. జనవరి 27న బొంబాయి నుంచి ఢిల్లీకి విమానంలో వచ్చారు. అక్కడి నుంచి రైల్లో గ్వాలియర్ వెళ్ళి డాక్టర్ పర్చురే ఇంటికి చేరారు. 28న గంగాధర్ దండవతే అనే మనిషి ద్వారా ఒక పిస్టల్ చేతికొచ్చింది. ఇటలీలో తయారైన బెరెట్టా, 1934 మోడల్, నంబరు 606824. సెకండ్ హ్యాండే. ఆ బేరంలో లైసెన్సు లేదు, రసీదు లేదు. 30వ తేదీ సాయంత్రం ఆ పిస్టల్‌లోంచి మూడు తూటాలు వచ్చాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మొదటి ప్రయత్నం విఫలం కావడంలో పాత తుపాకుల పాత్ర కూడా ఉంది. రెండో ప్రయత్నం నెగ్గడానికి కారణం ఒక మంచి పాత తుపాకీ, రెండు రోజుల ముందు, చేతులు మారడం. ఆ చేతులు మారిన తీరును కోర్టు విచారించింది. కానీ దండవతేతో సహా ముగ్గురిని పరారీలో ఉన్న నిందితులుగానే చూపించాల్సి వచ్చింది. తుపాకీ మీద నంబరు స్పష్టంగా ఉంది. ఆ నంబరు పక్కన యజమాని పేర్లు వరసగా రాసి ఉన్న పుస్తకమే లేదు.

అదే ఏడాది డిసెంబరు మొదట్లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ లేచి, కరాచీ తీర్మానాన్ని గుర్తుచేసి, ఆయుధం కలిగి ఉండే హక్కును ప్రాథమిక హక్కుల్లో చేర్చమన్నారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. హక్కు అని రాసేస్తే నేరగాళ్ళకు కూడా అది వర్తిస్తుందన్నది ఆయన వాదన. సవరణ వీగిపోయింది. 1931లో హక్కు అనుకున్నది 1948కి వచ్చేసరికి ప్రభుత్వం ఇచ్చే అనుమతిగా స్థిరపడింది.

ఆ అనుమతికి రూపమే 1959 ఆయుధాల చట్టం. 1962 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు తెలుసుకోవాల్సింది అందులోని 5వ సెక్షన్. లైసెన్సుదారు తన సొంత తుపాకీని అమ్ముకోవచ్చు. కానీ ఎవరికి అమ్ముతున్నాడో పేరు, చిరునామాతో సహా జిల్లా మేజిస్ట్రేట్‌కు గానీ దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు గానీ ముందే రాసివ్వాలి. ఆ తర్వాత 45 రోజులు ఆగాలి. కొనేవాడికి అప్పటికే లైసెన్సు ఉండాలి. పొలం రిజిస్ట్రేషన్ ఒక్క పూటలో అయిపోతుంది కదా, రివాల్వర్‌కు నెలన్నర ఎందుకు అని అడగొచ్చు. గ్వాలియర్ బేరం గుర్తు తెచ్చుకోండి, జవాబు అక్కడే ఉంది. యజమాని చనిపోతే కూడా ఇంతే. తాతగారి రివాల్వర్ కదా అని బీరువాలో అలాగే ఉంచేసుకోవడానికి లేదు. పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి, వారసుడు లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవాలి.

మరి ధర ఎందుకు పెరిగింది? 1980ల మధ్య నుంచి మామూలు పౌరులకు విదేశీ తుపాకుల దిగుమతి ఆపేశారు. పేరున్న షూటింగ్ క్రీడాకారులకు మినహాయింపు ఉంది. పంజాబ్‌లో నెత్తురు పారుతున్న రోజులవి. ఆ తలుపు మూసుకున్నాక దేశంలో అప్పటికే ఉన్న వెబ్లీలు, కోల్ట్‌లే మిగిలాయి. కొత్తవి రావు, ఉన్నవి అరుగుతుంటాయి, అడిగేవాళ్ళు పెరుగుతుంటారు. ఇంక ధర పెరగక ఏమవుతుంది? కస్టమ్స్ వాళ్ళు పట్టుకున్న విదేశీ తుపాకులు ఎంపీల వంటి వాళ్ళకు కేటాయించడం కూడా వార్తల్లోకెక్కింది. మామూలు మనిషికి మిగిలింది కాన్పూర్‌లోని ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల సరుకు. 2014లో అక్కడి నుంచే ఆడవాళ్ళ కోసమంటూ నిర్భీక్ అనే తేలికపాటి పాయింట్ 32 రివాల్వర్ వచ్చింది. అప్పట్లో దాని ధర లక్షా 22 వేల పైచిలుకు. విచిత్రం ఏంటంటే, 2020లో వెబ్లీ పేరుతోనే ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయీ జిల్లా సండీలాలో రివాల్వర్ల తయారీ మొదలైంది. అయినా పాత బర్మింగ్‌హామ్ ముద్ర మీద మోజు తగ్గలేదు.

2019లో చట్టం ఇంకోసారి మారింది. ఒక మనిషి దగ్గర మూడు తుపాకులు ఉండొచ్చన్నది రెండుకు తగ్గింది. మూడోది ఏడాది లోపు అప్పగించాలి లేదా వదిలించుకోవాలి. అలా ఇంకొన్ని పాత తుపాకులు బీరువాల్లోంచి బయటికొచ్చాయి. అంతకు ముందే ప్రతి లైసెన్సుదారుకూ ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య వచ్చింది, 2016 నిబంధనలతో తుపాకీని జాగ్రత్తగా వాడే శిక్షణ కూడా తప్పనిసరి అయింది.

కాబట్టి మొదటిసారి పాత రివాల్వర్ కొనేవాడు చూడాల్సినవి రెండు. ఒకటి ఇనుము: తూటాల గది ప్రతిసారీ గొట్టానికి ఎదురుగా నిలబడుతోందా, గొట్టం లోపల తుప్పు తిన్నదా అని తెలిసిన గన్‌స్మిత్ చేత చూపించుకోవాలి. ఆ రోజు ఢిల్లీ చెట్ల మధ్య తేలిన సంగతి ఇదే, పాత తుపాకీ పైకి ఎలా కనబడినా లోపల ఏముందో పేలిస్తే గానీ తెలియదు. రెండోది కాగితం: తుపాకీ మీది నంబరు, అమ్మేవాడి లైసెన్సులోని నంబరు ఒకటేనా, అంతకు ముందు ఎవరెవరి చేతులు మారిందో వరస తెగకుండా ఉందా. ఇనుము అరిగితే డబ్బు పోతుంది. కాగితం తెగితే మాత్రం కొన్నవాడు జైలుకు పోతాడు, ఆ తుపాకీతో ఇంకెవరైనా ప్రాణం పోగొట్టుకున్నా అది ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చేవాడు ఉండడు.

1878 చట్టం మనల్ని అవమానించడానికి కాగితం అడిగింది. నేటి చట్టం అడిగే కాగితం వేరు. ఎన్నికల కోడ్ రాగానే స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటే విసుక్కునే లైసెన్సుదారులు మన జిల్లాల్లో చాలామంది ఉంటారు. ఆ విసుగు నిజమే. కానీ గ్వాలియర్‌లో 606824 నంబరు పిస్టల్ చేతులు మారిన రోజు అలా అడిగే పుస్తకం ఒకటి ఉండి ఉంటే ఏమయ్యేదో ఒక్కసారి ఆలోచించండి.